బూటు తట్టకముందే

ఆర్డిస్ దాల్చినచెక్క రొట్టెల పళ్లెం రెండు చేతులా పట్టుకుని, స్కూలు హాలు వెనక తలుపుని భుజంతో తోసుకుని లోపలికి వచ్చేసరికి, ఆమె మొగుడు వెర్లిన్ బోర్డు ముందు నిలబడి ఆమె చెవి గురించే చెబుతున్నాడు.

ఏటా వసంతంలో గురువారం సాయంత్రాలు ఆ హాల్లో వేట భద్రత క్లాసు జరుగుతుంది. మొదటిసారి తుపాకీ పట్టబోయేవాళ్లూ, వాళ్లని వెంటబెట్టుకొచ్చిన పెద్దవాళ్లూ కలిపి నలభై మంది దాకా వస్తారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ పాఠం చెప్పేది వెర్లినే. ఆ చుట్టుపక్కల తుపాకీ గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా వెర్లిన్‌ని అడగమంటారు. ఆ మాట వింటే అతని ఛాతీ రెండంగుళాలు ముందుకొస్తుంది.

"ఎక్కడో ఎందుకు, మా ఇంట్లోనే చూడండి," అంటున్నాడు. "ముప్పై నాలుగేళ్లుగా నా పక్కన కూచుంటున్న మనిషి. నాకు తెలిసిందంతా ఆవిడకీ తెలుసు. అయినా ఒక్క క్షణం ఏదో పరధ్యానంలో, మోత తగలకుండా పెట్టుకున్న చెవి డిప్ప ఎత్తేసింది. అంతే, చెవి పోయింది. ఇప్పుడు నేను కుడిపక్క నుంచి కాఫీ అడిగితే ఎడంపక్కకి చూస్తుంది."

జనం నవ్వారు. వెర్లిన్ కూడా నవ్వాడు. కథ చెప్పడంలో అతనికి మంచి పేరే ఉంది మరి.

ఆర్డిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నవ్విన వాళ్లలో సగం మంది గొంతులు ఆమెకి చీకట్లో కూడా తెలుస్తాయి. వాళ్ల గడ్డివాములు అంటుకున్నప్పుడు, వాళ్ల నాన్నలకి గుండె పట్టేసినప్పుడు, ఆ కంగారులో వాళ్లు ఫోన్లో సగం మింగేసిన మాటలు విని ఫైరింజనో అంబులెన్సో పంపింది ఆమే. రొట్టెల పళ్లెం బల్ల మీద పెట్టింది. బయటికి వచ్చి ట్రక్కు ఎక్కింది. అప్పుడే అక్కడే అడిగేయాల్సింది అని దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

పరధ్యానమట. ఆ మాట దగ్గరే ఆమె ఆలోచన ఇరుక్కుపోయింది.

అసలు సంగతి ఇది. అమెరికాలోని ఆ ఉత్తర మోంటానా బయళ్లలో పశువుల మేతకి లూసర్న్ గడ్డి వేసే ప్రతి రైతుకీ గోఫర్లంటే కడుపుమంట. చూడ్డానికి ఉడతంత ప్రాణి. మంచు కరగ్గానే వందలకొద్దీ బయటికొచ్చి, చిగురు మొలిచింది మొలిచినట్టు కొరికేసి, పొలమంతా బొరియలు చేసిపెడతాయి. అలాంటి బొరియలో కాలు పడి ఆర్డిస్ వాళ్ల నాన్న గుర్రం ఒకటి లేవకుండా పోయింది. అందుకని మార్చి నుంచి జూన్ దాకా సెలవు దొరికితే చాలు, పొలం గట్టున బల్ల వేసుకుని, సన్న గుండు తుపాకీతో వాటిని కొడుతూ కూచుంటారు. మొగుడూ పెళ్లాం కలిసి సినిమాకి వెళ్లే ఊళ్లు వేరే ఉంటాయి. ఇక్కడ గోఫర్ల మీదికి వెళ్తారు.

పెళ్లయిన మొదటి ఏడాది నుంచీ ఆ బల్ల దగ్గర వెర్లిన్ కాల్చేవాడు, ఆర్డిస్ అతని ఎడంపక్క బైనాక్యులర్స్ పట్టుకుని కూచునేది. తుపాకీ పేలినప్పుడు ఎగిరిపడుతుంది కదా, ఆ ఎగురుడులో గుండు ఎక్కడ పడిందో కాల్చినవాడికి కనపడదు. పక్కవాళ్లు చూసి చెప్పాలి. "బెత్తెడు కింద," అనేది ఆమె. "జానెడు ఎడమ." వెర్లిన్ సరిచేసుకుని మళ్లీ కాల్చేవాడు. పిల్లలు పుట్టకపోవడం గురించీ, అతని తమ్ముడు తాగి పాడైపోవడం గురించీ వాళ్లు మాట్లాడుకున్నది కూడా ఆ బల్ల దగ్గరే, గుండుకీ గుండుకీ మధ్యన.

చెవులకి డిప్పలుంటాయి కనక కాల్చే ముందు కేకేసినా వినపడదు. అందుకని ఆ ప్రాంతంలో పాత పద్ధతి ఒకటుంది. పక్కన కూచున్నవాళ్లు బల్లకింద తమ బూటుతో కాల్చేవాళ్ల బూటుని ఒకసారి తడతారు. నేను సిద్ధం, కానీ, అని దానర్థం. బూటు తట్టకుండా ట్రిగ్గర్ మీద వేలు వేయడమంటే అక్కడ బూతుమాట కిందే లెక్క. చెవి డిప్ప ఎత్తారంటే ఆగమని. ఆ రెండే రెండు గుర్తులతో ముప్పై నాలుగేళ్లు ఒక్క పొరపాటు లేకుండా గడిచాయి.

తర్వాత బ్రేకు వచ్చింది. వెర్లిన్‌కి కిందటి శరత్తులో కుడి భుజానికి ఆపరేషన్ అయింది. తుపాకీ దెబ్బ తట్టుకోలేనన్నాడు, అది నిజమే. మార్చిలో తుపాకీ గొట్టం చివర బ్రేకని బొటనవేలంత ఉక్కు ముక్క ఒకటి బిగించుకొచ్చాడు. దాని పక్కల్లో చిల్లులుంటాయి. పేలినప్పుడు పొగా, గాలీ ముందుకి పోకుండా ఆ చిల్లుల్లోంచి పక్కలకీ వెనక్కీ తన్నుతాయి. దాంతో తుపాకీ ఎగరదు, భుజానికి నెప్పి ఉండదు, గుండు ఎక్కడ పడిందో కాల్చినవాడికే తుపాకీ మీది దుర్భిణీలో కనపడుతుంది. కాల్చేవాడికి అంతా సుఖమే. ఆ తన్నిన మోతంతా తినేది పక్కనున్నవాళ్లు. మామూలు తుపాకీ పక్కన డిప్ప కొంచెం జారినా చెవి కాసేపు గుయ్యిమని ఊరుకుంటుంది. బ్రేకున్న తుపాకీ పక్కన అలా కాదు. ఈ ముక్క వెర్లిన్ తన క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాడు.

మార్చి ఆఖరి ఆదివారం, పట్టపగలు, ఇద్దరే ఉన్నారు. వెర్లిన్ తుపాకీ చెంపకి ఆనించి ఏదో గొణిగాడు. కంచె గుంజ అనో ఏదో వినపడీ వినపడనట్టు ఉంది. ఆర్డిస్ ఎప్పటిలాగే కుడి డిప్ప ఎత్తి "ఏమన్నావ్?" అంది. ఆమె బూటు కుర్చీ కింద ఉంది. తట్టలేదు. వెర్లిన్ కాల్చాడు.

ఎవరో కొయ్యతో చెవిలో పొడిచినట్టయింది. ఆమె చెయ్యి చెవి మీద పెట్టుకుని ముందుకి వంగిపోయింది. వెర్లిన్ ఆమె వైపు చూడలేదు. దుర్భిణీలోంచి కన్ను తీయకుండానే, "నాకే కనపడింది," అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ. "ఆర్డిస్, నాకే కనపడింది."

ఆ మాట ఆమెకి ఎడం చెవితో వినపడింది. కుడి చెవితో ఆ తర్వాత ఏదీ వినపడలేదు. డాక్టరు మూడు వారాలు మాత్రలిచ్చాడు, రెండుసార్లు పరీక్ష చేశాడు, నరం పోయింది, తిరిగి రాదన్నాడు. ఇప్పుడా చెవిలో ఉన్నది కీచుమనే ఒకటే రొద, పొద్దున్నా సాయంత్రం. జిల్లా అత్యవసర ఫోన్ల గదిలో ఆమె పందొమ్మిదేళ్లు పనిచేసింది. అక్కడ కూచోవాలంటే రెండు చెవులూ పరీక్షలో నెగ్గాలి. ఆమెని మర్యాదగానే పక్కగదిలో ఫైళ్ల బల్ల దగ్గరికి మార్చారు. ఫైళ్లు ఎవరైనా సర్దుతారు.

ఇంత జరిగినా వెర్లిన్ మీద ఆమెకి మొదట్లో కోపం రాలేదు. చెయ్యి జారింది, మనిషన్నాక జరుగుతుంది అనుకుంది. అతను వారం రోజులు వంట చేశాడు, రేడియో ఆమె ఎడంపక్కకి మార్చి పెట్టాడు. కానీ నేను తొందరపడ్డాను అన్న మాట ఇవాళంటాడు, రేపంటాడు అని చూస్తే, వారాలు పోయాయి గానీ ఆ మాట రాలేదు. దాని బదులు ఎవరడిగినా "డిప్ప ఎత్తింది పాపం" అనడం మొదలుపెట్టాడు. చివరికి అది పాఠమయి కూచుంది.

ఆ గురువారం క్లాసు ముగించుకుని వెర్లిన్ ఖాళీ పళ్లెం పట్టుకుని ఇంటికొచ్చాడు. రొట్టెలు బాగున్నాయని అందరూ అన్నారని చెప్పాడు. ఆర్డిస్ వంటింటి బల్ల దగ్గర కోటు కూడా విప్పకుండా కూచుని ఉంది.

"నేను బూటు తట్టానా?" అని అడిగింది.

వెర్లిన్ పళ్లెం సింకులో పెట్టాడు. నీళ్లు తిప్పాడు. ఆమె లేచి నీళ్లు కట్టేసి, అదే మాట మళ్లీ అడిగింది.

"గుర్తులేదు," అన్నాడు.

"నాకు గుర్తుంది. తట్టలేదు. నువ్వు ఆగలేదు."

"బ్రేకు ఉన్నాక నువ్వు చూసి చెప్పే పని లేదుగా. ఆ అలవాటు తప్పింది. దానికేమంటావ్ ఇప్పుడు?"

"అదే అనమంటున్నాను. నాతో కాదు. ఆ నలభై మందితో అను."

అప్పుడతను అసలు మాట బయటపెట్టాడు. బూటు తట్టకుండా కాల్చానని వాళ్ల ముందు ఒప్పుకుంటే ఇంక ఆ బోర్డు ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి అన్నాడు. ఇరవై రెండేళ్ల పేరు ఒక్క పూటలో పోతుందన్నాడు. చెవి ఎలాగూ తిరిగి రాదు కదా, దాంతోపాటు తన పేరు కూడా పోవడం వల్ల ఎవరికేం ఒరుగుతుందని మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అడిగాడు.

చెవి పోయిన రోజు కూడా ఆర్డిస్‌కి అంత మంట పుట్టలేదు. తన చెవి పోయింది, తన కుర్చీ పోయింది, అది చాలక తన బుద్ధి కూడా పోయిందని ఊరంతా చెప్పుకోవాలి, ఇతని పేరు మాత్రం చెక్కు చెదరకూడదు. ఆ రాత్రి నుంచి అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అతను కుడిపక్క నుంచి పిలిచినప్పుడల్లా నిజంగా వినపడేది కాదు. ఎడంపక్క నుంచి పిలిచినా పలికేది కాదు.

మే రెండో శనివారం వాళ్ల పొలంలో గోఫర్ల పండగ. అలాగే పిలుస్తారు దాన్ని. చుట్టుపక్కల తొమ్మిది పది ఇళ్లవాళ్లు ట్రక్కులేసుకుని వస్తారు. గట్టు పొడుగునా బల్లలు వేస్తారు. బ్రేకు తుపాకుల బల్లలన్నీ గాలి పోయే వైపు ఆ చివర వేయిస్తారు. మధ్యాహ్నం దాకా కాల్చి, తర్వాత ట్రక్కుల వెనకతలుపులు దించుకుని బంగాళాదుంపల కూరా, రూబార్బు అనే పుల్ల కాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టే తింటారు. ఎవరు ఎక్కడ కూచోవాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది యాల్మర్ అనే ఎనభై రెండేళ్ల ముసలాయన. ఆర్డిస్ వాళ్ల నాన్నకి నేస్తం. నోరు చెడ్డది, కళ్లు మంచివి. ఏ పొలంలో పండగైతే ఆ పొలం వాళ్లదే మొదటి గుండు. అది పేలేదాకా మిగతావాళ్లు తుపాకీ ముట్టరు. డిప్పలు పెట్టుకుని కదలకుండా కూచుంటారు.

ఆ పొలం ఆర్డిస్‌కి నాన్న రాసిచ్చింది. అయినా ఇన్నేళ్లూ ఆ మొదటి గుండు వెర్లినే కాల్చాడు. ఆమె ఏనాడూ అడగలేదు.

ఆ శనివారం యాల్మర్ "ఏవయ్యా వెర్లిన్, కానీ," అనగానే ఆర్డిస్ వెళ్లి కాల్చేవాళ్ల కుర్చీలో కూచుంది.

"పొలం నాది. ఈసారి మొదటి గుండు నేను కాలుస్తాను," అంది. "వెర్లిన్ నా పక్కన కూచుని చూసి చెబుతాడు."

యాల్మర్ ఆమెని ఒకసారి, వెర్లిన్‌ని ఒకసారి చూసి, మీ నాన్న ఉంటే ఈ మాట ఇరవై ఏళ్ల కిందటే అనిపించేవాడు అన్నాడు. నలుగురూ నవ్వారు. వాళ్లలో గురువారం క్లాసువాళ్లు కూడా చాలామంది ఉన్నారు. వెర్లిన్ కూడా నవ్వుతూ, మా ఆవిడ గురి నాకంటే బాగుంటుందని చెప్పుకుంటూ తన తుపాకీ బల్ల మీద పెట్టాడు. బ్రేకు దాని కొసన మెరుస్తోంది.

ఆర్డిస్ అతని కోసం కుర్చీ తన ఎడంపక్క వేసి ఉంచింది, పక్కన కూచునేవాళ్లు ఎప్పుడూ ఆ పక్కే కూచుంటారు కనక. ఖాళీ గుండు తొడుగులు కుడిపక్కకి ఎగిరి పడతాయి, సలసల కాలుతుంటాయి. వెర్లిన్ వచ్చి, ఒక క్షణం ఆగి, ఆ కుర్చీ ఎత్తుకెళ్లి ఆమె కుడిపక్క వేసుకున్నాడు.

ఎందుకో ఆమెకి వెంటనే అర్థమైంది. నలభై ఏళ్లు తుపాకీ కాల్చి వెర్లిన్‌కి ఎడం చెవి ఎప్పుడో సగం పోయింది. ఆ పాడైపోయిన చెవి బ్రేకు వైపు పెట్టుకుని, మంచి చెవి అవతల దాచుకున్నాడు. మీద డిప్పలున్నా సరే. తొడుగులు కాలినా సరే. ఆ ఉక్కు ముక్క పక్కవాళ్లని ఏం చేస్తుందో అతనికి మొదటినుంచీ అంత బాగా తెలుసు. తెలిసే మార్చి నెలంతా ఆమెని తన ఎడంపక్క కూచోబెట్టుకున్నాడు.

ఆమె బల్ల ముందు సర్దుకు కూచుంది. డిప్పలు పెట్టుకుంది. గుండు ఎక్కించింది. గట్టు పొడుగునా ఇరవై మంది డిప్పలు పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నారు. దూరంగా కంచె దగ్గర ఒక గోఫరు వెనక కాళ్ల మీద నిలబడి ఉంది. ఆమె తుపాకీ చెంపకి ఆనించి, పెదాలు సరిగా కదపకుండా, అనీ అననట్టు గొణిగింది.

"కంచె గుంజ అవతల."

వెర్లిన్‌కి వినపడలేదు. ఇటు వంగి, ముప్పై నాలుగేళ్ల అలవాటుకొద్దీ, మంచి చెవి మీది డిప్ప ఎత్తాడు. అతని బూటు కుర్చీ కిందే ఉంది. ఆమె వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

అంతా ఆ రోజులాగే ఉంది. ఒక్క క్షణం ఆమెకి కాల్చాలనిపించింది. అందులో దాచేదేమీ లేదు, నిజంగానే, మనసారా అనిపించింది. ఎంత సులువో కూడా తెలిసింది. వేలు అరంగుళం కదిలితే చాలు, జన్మంతా ఇద్దరూ సమానం.

ఆమె కదలలేదు. వేలు తీయలేదు, నొక్కనూ లేదు. వెర్లిన్ ఆమె వేలు చూశాడు. తర్వాత తన చెవి దగ్గరున్న తన చెయ్యి చూసుకున్నాడు. అతని ముఖంలో రంగు పోయింది. ఆ చెయ్యి దించడం కూడా మరిచిపోయి అలాగే ఉండిపోయాడు.

ఆర్డిస్ వేలు తీసింది. తుపాకీ తెరిచి, గుండు బయటికి లాగి, బల్ల మీద నిలబెట్టింది. అది చూసి యాల్మర్ చెయ్యెత్తాడు. గట్టు మీద ఒక్కొక్కరూ డిప్పలు తీసి మెడకి దించుకున్నారు. ఏం జరిగిందో వాళ్లకి సగం తెలిసింది. వెర్లిన్ చెయ్యి ఎక్కడుందో, ఆమె వేలు ఎక్కడుందో అందరూ చూశారు, అందరూ అక్కడ పుట్టిపెరిగినవాళ్లే.

ఆమె కూడా డిప్పలు దించింది. వెర్లిన్ పెదాలు కదులుతున్నాయి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చాలాసేపు చెప్పాడు. ఎన్నాళ్లనుంచో దాచుకున్నదంతా చెబుతున్నట్టే ఉంది. ఆమె కుడిపక్కన కూచుని, ఆ చచ్చిన చెవిలోకి. ఆమెకి ఆ కీచురొద తప్ప ఇంకేమీ వినపడలేదు.

అతను ఆపేదాకా ఆగి, అప్పుడంది.

"ఇటుపక్క కాదు. ఈ పక్కకొచ్చి చెప్పు."

వెర్లిన్ లేచాడు. బల్ల వెనకనుంచి తిరిగి రావడానికి ఎనిమిది అడుగులు. ఇరవై మంది ముందు ఆ ఎనిమిది అడుగులూ నడిచి, ఆమె ఎడంపక్క మోకాలి మీద కూచుని, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. అతను గుసగుసగానే చెప్పాననుకున్నాడు. తన గొంతు తనకే సరిగా వినపడని మనిషి గుసగుస గట్టు ఆ చివరిదాకా వినపడింది.

"నువ్వు బూటు తట్టలేదు. నేనే ఆగలేదు. డిప్ప ఎత్తిన సంగతి చూసి కూడా కాల్చాను. గోఫరు పోతుందని."

చూసి కూడా. అది ఆమెకీ కొత్త సంగతే. యాల్మర్ టోపీ తీసి, లోపల ఏదో వెతుకుతున్నట్టు దానిలోకి చూస్తూ కూచున్నాడు.

ఆర్డిస్ కళ్లు తుడుచుకోలేదు. వచ్చే గురువారం క్లాసులో ఇదే మాట ఇలాగే చెప్పాలంది. అతను చెబుతానన్నాడు. ఆమె గుండు మళ్లీ ఎక్కించింది, డిప్పలు రెండు చెవులకీ పెట్టుకుంది. వెర్లిన్ ఎడంపక్కకి కుర్చీ తెచ్చుకుని, తనవీ పెట్టుకుని, బైనాక్యులర్స్ ఎత్తాడు. చాలాసేపటికి బల్లకింద అతని బూటు వచ్చి ఆమె బూటుని మెల్లగా తట్టింది. ఆమె కాల్చింది. గోఫరు పడింది, మిగతా బల్లల దగ్గర తుపాకులు మొదలయ్యాయి.

ఆమె లేచి తుపాకీ అతని ముందుకి జరిపింది. వెర్లిన్ దాన్ని తీసుకోకుండా, డిప్ప ఎత్తమని సైగ చేశాడు. ఆమె రెండడుగులు వెనక్కి జరిగి, ట్రక్కు చాటుకి వెళ్లాక ఎడం డిప్ప ఎత్తింది. అతను వెంట వచ్చాడు.

"నా పక్కన కూచుంటావా?" అని అడిగాడు.

"ఎందుకు?" అంది ఆర్డిస్. "నీకే కనపడుతుందిగా."